శబ్దం ఎవరి సొత్తు?

ఈ ప్రశ్న నేను ఏ గ్రంథంలోంచీ ఎత్తుకున్నది కాదు. నాంపల్లి స్టేషను దగ్గర ఒక ఇరానీ హోటల్లో కూచుని ఉండగా నా పాత శిష్యుడొకడు నా ముందు పడేసిపోయినది. అతను పడేసి పోయాడు గాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదిలిపోలేదు.

అతను బి.కాం. చదివాడు. నా తరగతిలో వెనక బెంచీ. ఇప్పుడు కీబోర్డు వాయించి బతుకుతున్నాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షను హాళ్లలో ఆర్కెస్ట్రా, ఆదివారం పొద్దున ఆబిడ్స్ దగ్గర ఒక చర్చిలో కీర్తనలు, మిగతా రోజుల్లో పిల్లలకు పాఠాలు. మా సాంస్కృతిక దళానికి మాత్రం ఉచితంగా వాయిస్తాడు. (ఈ "ఉచితంగా" అనే మాట దగ్గరికి తరువాత వస్తాను.) 2018లో ఒక సాయంత్రం, ఇల్లు దోపిడీ అయినవాడి ముఖంతో వచ్చి నా ఎదుట కూచున్నాడు.

"సార్, నా టోన్లన్ని ఎవడో ఎత్కపోయిండు."

విచారించగా తేలిందేమంటే, ఏదో పెళ్లిలో అతను భోజనానికి లేచిన పది నిమిషాల్లో తోటి వాద్యకారుడొకడు అతని పెన్ డ్రైవులో ఉన్నదంతా తన దాంట్లోకి ఎక్కించుకున్నాడు.

"అయితే నీ దగ్గర ఇప్పుడు లేవా?" అన్నాను.

"ఉన్నయి సార్. నా తాన ఉన్నయి, వాని తాన గూడ ఉన్నయి."

"మరి పోయిందేమిటి?"

అతను జవాబు చెప్పలేదు. ఇటువంటి సందర్భం కోసమే కాచుకుని ఉన్నట్టు నేనొక చిన్న ఉపన్యాసం చేశాను. రొట్టె ఒకడు తింటే ఇంకొకడికి ఉండదు. పాట ఒకడి దగ్గర ఇంకొకడు నేర్చుకుంటే ఇద్దరికీ ఉంటుంది. భూమికి వేసిన కంచె చాలక ధ్వనికి గూడా కంచె వేయటం పెట్టుబడిదారీ సమాజపు జబ్బు. విజ్ఞానం ఉమ్మడి సొత్తు. ఇట్లా ఇంకా చాలా చెప్పాను. అతను సాసరులో టీ ఆరబోసుకుంటూ అంతా విన్నాడు. విని, "మీరు జెప్పేది మంచిగనే ఉన్నది సార్. మరి మీ జీతం గూడ గిట్లనే అందరికి పంచుతరా?" అని లేచిపోయాడు.

జీతానికీ టోన్లకూ పోలిక లేదని అనుకుని మొదట నన్ను నేను సమాధానపరచుకున్నాను. కాని పోలిక ఉన్నదా లేదా అని తేల్చాలంటే ముందు ఆ టోన్లనేవి ఏమిటో తెలియాలి గదా. నాకు తెలియదు. తెలియకుండానే వాటి మీద నీతి చెప్పాను. మన విమర్శకుల్లో ఈ అలవాటు కొంచెం ఎక్కువే. అందుచేత కొన్ని వారాలు అతని గదికి పోయి, అతని పక్కన కూచుని చూశాను. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు వెతికే నా అలవాటు కూడా కొంత పనికివచ్చింది. సంగీత యంత్రాలకిచ్చే పాత వాడుక పుస్తకాలు రెండు మూడు అక్కడే దొరికాయి.

కీబోర్డులో దాచే ధ్వనులు రెండు రకాలు. మొదటిది వంటచీటీ వంటిది. ఎంత వేగంగా మొదలు కావాలి, ఎంతసేపు నిలవాలి, ఎట్లా అణగాలి, ఎంత కంపించాలి అనే అంకెలు మాత్రమే అందులో ఉంటాయి. ఆ అంకెల్ని బట్టి యంత్రం అప్పటికప్పుడు ధ్వనిని వండుతుంది. 1983లో జపానులో యమహా కంపెనీ తెచ్చిన డి.ఎక్స్.7 అనే వాద్యంలో ఇటువంటి చీటీ ఒక్కొక్కటి 128 బైట్లు. ముప్పైరెండు చీటీలు కలిపినా 4,096 బైట్లు. ఈ వ్యాసంలో రెండు మూడు పెద్ద పేరాలకు కంప్యూటరులో పట్టే చోటుకు మించదు.

రెండవ రకం వేరు. అందులో చీటీ కాదు, అసలు ధ్వనే ఉంటుంది. ఒక మనిషి ఎక్కడో కూచుని వాయించగా, ఆ ధ్వనిని సెకనుకు నలభై వేల సార్లకు పైగా కొలిచి, ఆ కొలతల్ని నిలవచేస్తారు. సీడీ నాణ్యత అనేదానికి లెక్క సెకనుకు 44,100 కొలతలు. రెండు చెవులకూ విడివిడిగా పట్టాలంటే ఒక్క సెకను ధ్వనికి 1,76,400 బైట్లు కావాలి. నా శిష్యుడు వృత్తిలోకి దిగిన రోజుల్లో ఫ్లాపీ డిస్కులు వాడేవారు. ఈ లెక్కన ఒక ఫ్లాపీలో పట్టేది ఎనిమిది సెకన్ల నాదస్వరం! అందుకని నాణ్యత తగ్గించి, కత్తిరించి, ఒకే ముక్కను చుట్టలు చుట్టి మళ్లీ మళ్లీ మోగేట్టు చేసి ఎట్లాగో ఇమిడ్చేవారు. ఆ ఫ్లాపీల అమ్మకాన్ని సోనీ కంపెనీ 2011 మార్చిలో జపానులో నిలిపివేసింది. అప్పటికింకా వాటిలో దాచుకున్నదాన్ని బయటికి తీసుకోని వాళ్లు ఎందరో.

దాచటం అన్నది అంత తేలిక పని కాదని అక్కడ కూచున్నాకే నాకు తెలిసింది. కర్మాగారంలోనే ఎక్కించిన ధ్వనులు చెరగవు. వాద్యకారుడు మార్చి తన కోసం చేసుకున్నవి వేరే అరలో ఉంటాయి. మార్పు చేసి, భద్రం చేసే మీట నొక్కకుండా పక్క ధ్వనికి పోతే ఆ రాత్రి పనంతా గాలికి పోయినట్టే. పాత యంత్రాల్లో ఆ అరను సజీవంగా ఉంచేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. కొన్నేళ్లకు అది ఒట్టిపోతుంది. దానితోపాటు జ్ఞాపకమూ పోతుంది. ఒక మోడలులో భద్రం చేసిన ఫైలును మరొక మోడలు చాలాసార్లు చదవదు, రెండూ ఒకే కంపెనీవైనా సరే. కొత్త వాద్యం కొన్నవాడు పాత సంసారాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

అంతటితోనూ కాదు. ధ్వని ఉంటే చాలదు, సమయానికి చేతికి రావాలి. పెళ్లిలో పురోహితుడు చెయ్యి ఎత్తి "గట్టిమేళం" అన్న క్షణానికి నాదస్వరమూ డోలూ కలిసి పడాలి. నాలుగు వందల ధ్వనుల్లో వెతుక్కునే వ్యవధి అక్కడ లేదు. అందుకని అతను పెళ్లితంతు వరసనే అరలుగా కట్టుకున్నాడు. ఎదురుకోలు ఒక అర, జీలకర్ర బెల్లం ఒక అర, గట్టిమేళం ఎప్పుడూ మూడో వరసలో మొదటి మీట. "కండ్లు మూస్కొని గూడ కొడ్త సార్" అన్నాడు. ఈ అమరిక అంతా ఆర్నెల్ల రాత్రుల పని. దీనికి ఎవరూ జీతమియ్యలేదు. కనుక ఇది శ్రమ కాదనీ, దీన్ని ఎత్తుకుపోయినప్పుడు పోయింది ఏమీ లేదనీ నేను అన్న మాట ఉపసంహరించుకోవలసి వచ్చింది. పోయింది ఫైలు కాదు, తోటి వాద్యకారుడికంటే తను ముందు పిలవబడే అవకాశం. కూలిమనుషుల అడ్డా మీద నిలబడ్డవాడికి ఆ అవకాశమే ఆస్తి.

ఇంతకీ ఈ శ్రమ ఎందుకు పడవలసి వస్తున్నదో చూడండి. 1991లో వాద్యయంత్రాల కంపెనీలు జనరల్ మిడీ అనే ప్రమాణం ఒకటి నిర్ణయించుకున్నాయి. ఏ కంపెనీ వాద్యంలోనైనా ఫలానా అంకెకు ఫలానా ధ్వని అని 128 ధ్వనుల పట్టిక అది. అందులో పియానోలకు ఎనిమిది స్థానాలు. ఆర్గను జాతికి ఎనిమిది. గిటార్లకు ఎనిమిది. యూరప్, అమెరికాలు పోగా తక్కిన ప్రపంచానికి పెట్టిన శీర్షికలో కూడా ఎనిమిదే. ఆ ఎనిమిదింటిలోనూ బాంజో, బ్యాగ్‌పైపు, ఫిడేలు దూరాయి. మన దేశానికి దక్కినవి 105వ అంకెన సితార, 112వ అంకెన షెహనాయి. తబలా లేదు. మృదంగం లేదు. నాదస్వరం లేదు. డప్పు లేదని వేరే చెప్పాలా? చోటు చాలకనేమో అనుకుంటారేమో, 126వ అంకెన హెలికాప్టరు చప్పుడు ఉన్నది, 128వ అంకెన తుపాకి పేలుడు ఉన్నది.

తరువాత కంపెనీలే భారతదేశపు మార్కెట్టును గుర్తించి మన ధ్వనులు ఎక్కించిన వాద్యాలను ఇక్కడ అమ్మకానికి పెట్టాయి. కాని ఊళ్లో బతికే కీబోర్డు వాద్యకారుడికి కావలసిన ధ్వని, అంటే తన జిల్లా డప్పు, తన వీధి మర్ఫా, అతను తనే పట్టి తెచ్చుకోవలసిందే.

ఇక్కడ నా స్నేహితులు కొందరు అడ్డు తగులుతారు. అసలు ఈ పెట్టె కళను చంపుతున్నది, దాని గురించి ఇంత చర్చ ఎందుకంటారు. వారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. పరదేశపు పెట్టె, గమకం పలకదు, మన శ్రుతులు దానిలో లేవు అన్నారు. ఆ నిషేధం 1971 దాకా సాగింది. ఆ ముప్పై యేళ్లలో హార్మోనియం చచ్చిందా? మన పద్యనాటకాన్ని మోసింది అదే. నేటికీ గురువారం సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గా ముందునుంచి నడిచిపోతే కవ్వాలీ వెంట వినిపించేది ఆ పరదేశపు పెట్టే. 1982లో లండనులో వాద్యకారుల సంఘం శాఖ ఒకటి సింథసైజర్లను నిషేధించాలని తీర్మానం చేసింది. వారి భయం అర్థం లేనిది కాదు. ఉద్యోగాలు నిజంగానే పోయాయి. కాని యంత్రాన్ని నిషేధించే తీర్మానాలు యంత్రాన్ని ఎన్నడూ ఆపలేదు. యంత్రం ఎవరి చేతిలో ఉన్నదన్నది మన ప్రశ్న కావాలి.

అంత వరకూ నాకు సందేహం లేదు. నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకొకటి. అది 2019లో జరిగింది.

మా సహోద్యోగి కూతురి పెళ్లి నాంపల్లిలోనే ఒక హాలులో. ఆర్కెస్ట్రా మా శిష్యుడిదే. అప్పగింతలయ్యాక ఊరేగింపు ముందు అతను డప్పు మోగించాడు, అంటే మీటలు నొక్కాడు. కుర్రాళ్లు చిందులు వేశారు. పెళ్లికూతురి వాళ్ల ఊరినుంచి వచ్చిన జనంలో ఒక ముసలాయన ఉన్నాడు. అంతసేపూ వేదిక మెట్ల దగ్గర నిలబడి విన్నాడు. గోల సద్దుమణిగాక దగ్గరికి వచ్చాడు.

"ఇది నా డప్పు గదా బిడ్డా."

మావాడి ముఖం మారిపోయింది. "అవ్ తాతా, నీదే" అన్నాడు.

"మరి నన్నెందుకు పిలువలే?"

ఆయన కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

తరువాత శిష్యుడు నాకు చెప్పినదిది. 2012లో ఆయన్ను ఊరినుంచి తన గదికి తీసుకువచ్చాడు. రోజంతా కూచోబెట్టి కొట్టించాడు. పాట కాదు, వరస కాదు, ఒక్కొక్క దెబ్బ విడివిడిగా. సిర్రతో మధ్యన ఒకటి, అంచున ఒకటి, సిటికెన పుల్లతో ఒకటి. మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా. మధ్యలో డప్పు సల్లబడితే కిందికి దిగి, కాగితాలు మంటవేసి కాచుకుని మళ్లీ పైకి వచ్చేవాడట. "పాట లేకుంట ఒట్టి దెబ్బలేందిరా" అని నవ్వాడట. సాయంత్రం ఐదు వందల రూపాయలు, బస్సు ఛార్జీ ఇచ్చి పంపాడు. ఆ రోజున అది తక్కువ అని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

అంటే, "నా టోన్లు ఎత్కపోయిండు" అని 2018లో నా ఎదుట వాపోయినవాడే 2012లో ఇంకొకరి చెయ్యిని పెట్టెలో పెట్టుకున్నాడు. దొంగ అనే మాట ఎవరికి వర్తిస్తుందో నేను తేల్చి చెప్పలేను. ఐదు వందలు ఇచ్చి తీసుకున్నాడు గదా అంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనికి కూలి ఇచ్చిన ప్రతి యజమానీ అదే అంటాడు. ఆ రోజు కూలికి కొన్నది ఒక రోజు వాయింపును కాదు, ఆయన ఇకముందు ఎన్నడూ పిలవబడకుండా ఉండే వీలును.

మార్క్సు 1867లో వెలువడిన గ్రంథంలో యంత్రాన్ని పేరుకున్న గతశ్రమగా చూశాడు. అది సజీవశ్రమను తన అధీనంలోకి తెచ్చుకుంటుందన్నాడు. ఇది మనం తరగతి గదుల్లో తరచు చెప్పేదే. కాని మగ్గంలో నేతగాడి చెయ్యి ఉండదు. మగ్గం అతని కదలికను అనుకరిస్తుంది, అంతే. ఈ పెట్టెలో ఉన్నది అనుకరణ కాదు, ఆ ముసలాయన మణికట్టు. మీటను గట్టిగా నొక్కితే, 2012లో ఆయన గట్టిగా కొట్టిన దెబ్బే మోగుతుంది.

గ్రామఫోను రికార్డులోనూ ఇంతే గదా అంటారా? కాదు. రికార్డు ఒకడు ఏది వాయించాడో దాన్నే మళ్లీ వినిపిస్తుంది. ఆ వాయింపుకు అతను ఒప్పుకున్నాడు. ఈ పెట్టె ఆయన ఎన్నడూ వాయించని పాటను ఆయన చేతితో వాయిస్తుంది. మా శిష్యుడి అరలోంచి ఆ డప్పు భక్తిపాటల్లోకి పోయింది, ఒక ఎన్నికల ప్రచారపు పాటలోకీ పోయింది. ఆ పార్టీకి డప్పు కొట్టమంటే ఆయన కొట్టేవాడో కాదో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు గనక. ఒక మనిషి శ్రమను కొనటం మనకు తెలిసిన అన్యాయమే. అతను నిరాకరించే వీలును గూడా కలిపి కొనటం నాకు కొత్తగా కనిపించింది.

ఇందులో కులం ప్రసక్తి లేకుండా మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. మన పల్లెల్లో డప్పు మాదిగ పేటది. చావుకు డప్పు, జాతరకు డప్పు, చాటింపుకు డప్పు. మండపం దగ్గరికి మాత్రం రాకూడని డప్పు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఆ డప్పునే చేతబట్టి, అవమానపు గుర్తును ఆత్మగౌరవపు గుర్తుగా మార్చింది. ఈ పెట్టె చేసిందేమిటి? డప్పును మండపం మీదికి తీసుకుపోయింది, డప్పు కొట్టే మనిషిని మెట్ల దగ్గరే నిలబెట్టింది. ఇందులో అభ్యుదయం ఉన్నదని వాదించేవారు ఉన్నారు. మా శిష్యుడు ఆ కులంవాడు కాడు. అయినా సిగ్గులేకుండా, గర్వంగా డప్పు మోగిస్తున్నాడు. వాద్యానికి అంటిన మైల పోయింది గదా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ మైల పోయింది శబ్దానికి. ముసలాయనకు ఆ రోజు భోజనం ఏ బంతిలో పెట్టారో నేను చూడలేదు, ఆయన్ను పిలిచి నా పక్కన కూచోబెట్టుకోవాలన్న ఆలోచనా నాకు రాలేదు.

ఆ సాయంత్రం మావాడు ఆయన చేత ఒక మీట నొక్కించాడు. ఒక్క వేలితో నొక్కాడు. మోగింది. గట్టిగా నొక్కాడు. గట్టిగా మోగింది. ఆయనకు సంతోషమే అయింది. "దీన్ని కాచే పని లేదు, సల్లబడదు" అన్నాడు. 2021లో ఆయన పోయాడు.

2022లో మావాడి కీబోర్డు చెడిపోయింది. మరమ్మతుకిచ్చాడు. బాగుచేసినవాడు యంత్రాన్ని కర్మాగారంలోంచి వచ్చిన నాటి స్థితికి తెచ్చి ఇచ్చాడు, ఎవరినీ అడక్కుండానే. అతని దృష్టిలో అది శుభ్రం చేయటం. ఇంట్లో చూస్తే పెన్ డ్రైవు తెరుచుకోలేదు. కంప్యూటరు కరోనా రోజుల్లో అమ్ముకున్నాడు. దాచటం అంటే రెండు చోట్ల దాచటం అని పిల్లలకు పాఠం చెప్పే మనిషి తను మాత్రం ఒక్కచోటనే దాచుకున్నాడు. పదేళ్ల పని, అందులో ఇప్పుడు లేని మనిషి చెయ్యి, అంతా పోయింది. అతను నా ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడకుండా కూచున్నాడు. ఈసారి నేను ఉపన్యాసం చేయలేదు.

నాలుగో రోజున, నాలుగేళ్ల కిందట "ఎత్కపోయిన"వాడు ఎవరి ద్వారానో విని, స్కూటరు మీద వచ్చి, పెన్ డ్రైవు చేతిలో పెట్టాడు. అన్నీ ఉన్నాయి. గట్టిమేళం మూడో వరసలో మొదటి మీటకు వచ్చింది. డప్పు మోగింది.

కనుక 2018లో నేను చెప్పిన మాటే చివరికి నెగ్గిందని పాఠకులు అనుకోవచ్చు. నేనూ ఒక పూట అనుకున్నాను. కంచె వేసి ఉంటే, ఈ ధ్వనుల్ని ఒకే యంత్రానికి కట్టుబడేట్టు తాళం వేసి అమ్మే వ్యాపారుల పద్ధతి మావాడూ పాటించి ఉంటే, యంత్రంతోపాటే అన్నీ సమాధి అయ్యేవి. నకలు తీసినవాడే కాపాడాడు. మన పల్లె పాటలు బతికిందీ ఇట్లాగే. ఒకరి నోటినుంచి ఒకరు ఎత్తుకుంటేనే. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషను, మిడీని, రుసుము లేకుండా అందరికీ వదిలినప్పుడు ఆ లాభాపేక్ష గల కంపెనీలు గూడా ఈ సత్యాన్ని తమ అవసరం కొద్దీ ఒప్పుకున్నాయి.

కాని తెరిచి చూస్తే ఒక సంగతి బయటపడింది. మావాడు ఆ డప్పుకు పెట్టుకున్న పేరులో "తాత" అనే మాట ఉండేది. తెచ్చి ఇచ్చినవాడు తన సౌకర్యం కోసం పేర్లన్నీ మార్చుకున్నాడు. ఇప్పుడది "లోకల్ కిట్ నాలుగు". అతని దగ్గరినుంచి ఇంకెందరు తీసుకున్నారో, వారు ఇంకేం పేర్లు పెట్టారో. నకలు శబ్దాన్ని కాపాడింది, మనిషిని తుడిచేసింది. మావాడి "తాత" అనే పేరు మాత్రం ఏ పాటిది? ఏ తాత? ఏ ఊరు?

"ఎవరి సొత్తు" అని మనం ఇంతకాలం అడిగిన ప్రశ్నే పొరపాటేమోనని నాకు అప్పుడు అనిపించింది. శబ్దం పంచుకోవచ్చునా కూడదా అని తగవుపడ్డాం. పంచుకోవలసిందే, అందులో నేను వెనక్కు తగ్గను. కాని పంచుకునేవారు ఎవరికి బాకీ పడ్డారో రాసి ఉంచని పంపకం, జమీందారు దివాణంలో పద్దు లేని వెట్టి వంటిది. పద్దు ఉంటే కనీసం తగవు పెట్టవచ్చు.

బాకీ తీర్చే మార్గాలు లేక కాదు. అమెరికాలో వాద్యకారుల సమాఖ్య 1942 ఆగస్టులో రికార్డింగులు మానివేసి సమ్మె చేసింది. రికార్డులు తమ బతుకుదెరువును తినేస్తున్నాయి గనక, వాటి అమ్మకం మీద కొంత తమ నిధికి ఇవ్వాలన్నది కోరిక. రెండేళ్లకు పైగా పోరాడారు. 1948లో మళ్లీ పోరాడారు. కంపెనీల డబ్బుతో ఒక నిధి ఏర్పడింది. దానితో ఊరూరా ప్రజలకు ఉచితంగా కచేరీలు పెట్టి, వాయించినవారికి ఆ నిధినుంచి కూలి ఇచ్చారు. ఎంత తెలివైన పరిష్కారం! యంత్రాన్ని ఆపలేదు, యంత్రం చేత సజీవశ్రమకు కూలి ఇప్పించారు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో సవరణ చేసి ప్రదర్శకుడి హక్కును గుర్తించారు; 2012లో వాణిజ్య వినియోగానికి రాయల్టీ హక్కునూ చేర్చారు. ముసలాయన మావాడి గదిలో కూచున్న సంవత్సరమే అది! కాని ఆ చట్టం ప్రదర్శనను ఎరుగును. పాట లేని ఒక్కొక్క దెబ్బ ఊసు అందులో లేదు.

అదే శబ్దప్రపంచంలో మరొకరి కథ చూడండి. డి.ఎక్స్.7కు ఆధారమైన ధ్వని నిర్మాణ పద్ధతిని 1967లో అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు. దానికి పేటెంటు తీసుకుని, ఆ హక్కును కంపెనీకి లైసెన్సు ఇచ్చినందుకు విశ్వవిద్యాలయానికి రెండు కోట్ల డాలర్లకు పైగా ముట్టింది. చీటీ రాసిన చదువుకు అంత విలువ. అదే పెట్టెలోకి పోయిన చేతికి ఐదు వందలు, బస్సు ఛార్జీ. ఇది ఆ శాస్త్రజ్ఞుడి తప్పు కాదు. చట్టం చదువును ఆస్తిగా గుర్తించింది, చేతిని గుర్తించలేదు.

ఇక "ఉచితంగా" అనే మాట దగ్గరికి వస్తాను. కంపెనీలనూ చట్టాన్నీ తిట్టటం సులభం. ఆ డప్పును అందరికంటే ఎక్కువగా వాడింది మేమే. మేడేకు, సభలకు, కాలేజీ గేట్ల ముందు, ఏడెనిమిదేళ్లు. "ప్రజల కళ ప్రజలదే" అని బ్యానరు కట్టి, దాని కింద ఆయన చెయ్యిని ఉచితంగా మోగించాం. ఆయన ఎవరని మాలో ఎవరూ అడగలేదు. మా శిష్యుడికి గూడా ఏనాడూ ఆటో ఛార్జీకి మించి ఇవ్వలేదు. అతని ఆదర్శానికి వెల కట్టరాదని మా గౌరవం! జీతం గురించి అతను అడిగిన ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని ఒప్పుకోవాలి. నెలనెలా ప్రభుత్వ జీతం తీసుకునే నేను ఉమ్మడి సొత్తు గురించి చెప్పటానికి నాకేమీ ఖర్చు కాలేదు.

2022 చివర మా దళం సమావేశంలో ఈ విషయం పెట్టాను. చర్చ బాగానే వేడెక్కింది. డబ్బు ప్రసక్తి తెస్తే ఉద్యమ కళ వ్యాపారం అవుతుందని ఒక సీనియరు మిత్రుడు అన్నాడు. ఫోటోస్టాటు కొట్టువాడికి ఇస్తున్నాం గదా, అది వ్యాపారం కాదా అని ఒక విద్యార్థిని అడిగింది. ఆమెకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. మనుషులు దొరికిన చోట పెట్టెలో డప్పు వద్దు, డప్పు కళాకారులనే పిలుద్దాం, తక్కిన వక్తల ఛార్జీలకంటే ముందు వారి కూలి ఇద్దాం. పెట్టె వాడక తప్పనప్పుడు, వాడిన ప్రతి సభకూ కొంత ఒక డబ్బాలో వేద్దాం. ఒక నోటుబుక్కు పెట్టి, మా అరల్లోని ప్రతి ధ్వని ఎవరిదో, ఏ ఊరో, ఎప్పుడు పట్టిందో, ఏమిచ్చామో రాద్దాం. చాలావాటికి ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి. ముఖ్యంగా నాదస్వరం ఎవరిదో మావాడికీ తెలియదు; అతనికీ అది నకలుగానే వచ్చింది. స్వరం మొదట్లో చిన్నగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తుంది. ప్రతి పెళ్లిలోనూ అదే ఊపిరి.

పేర్లు మార్చటం కూర్చున్నప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. అతని పాత యంత్రంలో ఒక ధ్వనికి పెట్టే పేరుకు పది అక్షరాలే చోటు, అదీ ఇంగ్లీషు అక్షరాలు. మన మనుషుల పేరూ ఇంటిపేరూ ఊరూ అందులో పట్టవు. ఇంటిపేరు వదిలేద్దామని నేనంటే, ఊరు వదిలేద్దామని అతనన్నాడు. కాసేపు పోట్లాడుకుని, మనిషి పేరు పెట్టెలోనూ తక్కినవి నోటుబుక్కులోనూ ఉంచాం. ఆ పేరు ఇక్కడ రాయటం లేదు, ఇంటివాళ్లను అడగకుండా పెట్టెలోకి ఎక్కించినంత తేలికగా పత్రికలోకి ఎక్కించటం నాకిష్టం లేదు.

ఇంటివాళ్ల దగ్గరికి మరుసటి నెల పోయాం. కొడుకు భవన నిర్మాణం పనికి పోతాడు. డప్పు గోడకు వేలాడుతున్నది. వచ్చిన పని చెప్పి, డబ్బాలో పోగైనది లెక్క చూపించి ఇస్తే, మొదట అర్థం కాలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత తీసుకున్నాడు. తక్కువని గాని ఎక్కువని గాని అనలేదు. చిన్న కీబోర్డు వెంట తీసుకుపోయి ఉన్నాం గనక మావాడు ఆ దెబ్బలు వినిపించాడు. కొడుకు వాకిట్లో కూచుని చాలాసేపు విన్నాడు. లోపలినుంచి ఆయన భార్య గూడా వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఇవన్ని మాకు గూడ ఇస్తరా సార్?" అని అడిగాడు.

వాళ్లింట్లో పెన్ డ్రైవు లేదు. మావాడు తన సంచిలోంచి ఒకటి తీసి, అందులో ఉన్నదంతా చెరిపేసి, నలభైరెండు దెబ్బలూ అందులోకి ఎక్కించి ఇచ్చాడు.

"దీనికెంత?" అన్నాడు కొడుకు.